ఏ బండెక్కాలి, ఏ ఊరెళ్లాలి, ఏ నీళ్లు తాగాలి: సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా తిరిగిరావాలంటే

పిల్లల పరీక్షలు అయిపోతే చాలు, గుంటూరులో అయినా బెజవాడలో అయినా ప్రతి ఇంట్లో ఒకటే చర్చ. అరకు వెళ్దామా, ఊటీ వెళ్దామా, తిరుపతి వెళ్లి అటునుంచి అటు ఇంకో రెండు గుళ్లు చూసొద్దామా, ఈసారైనా నాన్నకి కేదార్‌నాథ్ చూపిద్దామా అని. టికెట్ల రేట్లు మాట్లాడుకుంటాం, హోటల్ ఫొటోలు చూసుకుంటాం, ఆరోగ్యం మాట మాత్రం దారిలో ఎవరో ఒకరు వాంతి చేసుకున్నాకే గుర్తొస్తుంది. మా ఇంట్లోనూ చాలా ఏళ్లు ఇదే జరిగింది. మేం వెళ్లేది ఏడుగురం. డెబ్భై దాటిన మామయ్య గారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మా చిన్నదానికి ఘాట్ రోడ్డు మొదలైతే చాలు కళ్లు తిరుగుతాయి. వీళ్లని వేసుకుని తిరిగి తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నేను చూసేది ముందుగా ఒక్కటే. మా గుంపులో అందరికన్నా ఓపిక తక్కువున్న మనిషి ఎవరు? ఆ మనిషికి ఏ బండి, ఏ ఊరు, ఏ తిండి పడుతుందో అదే అందరికీ ఖాయం చేస్తాను. కుర్రవాళ్లు ఎలాగైనా సర్దుకుంటారు, పెద్దాయన సర్దుకోలేరు కదా.

రైలా, స్లీపర్ బస్సా, సొంత కారా

తిరుపతికో బెంగళూరుకో రాత్రి స్లీపర్ బస్సు చాలా తేలిక, ఇంటికి దగ్గర్లో ఎక్కి తెల్లారేసరికి దిగిపోవచ్చు, అందుకే చాలామంది దానికే వెళ్తారు. కానీ చాలా బస్సుల్లో బాత్రూమ్ ఉండదు, ఎక్కడ ఆపుతారో ఎప్పుడు ఆపుతారో మన చేతిలో ఉండదు. అందుకని మన ఆడవాళ్లు ఏం చేస్తారో మీకూ తెలుసు, మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేస్తారు. అత్తయ్య అలాగే మానేసి బెంగళూరు వెళ్లారు, మూడో రోజుకి యూరిన్ ఇన్‌ఫెక్షన్, చలిజ్వరం, ఊరు చూడాల్సిన రెండు రోజులూ గదిలోనే పడుకున్నారు. మామయ్య గారు ఇంకా ప్రమాదమైన పని చేశారు. ఆయన బీపీ మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు ఉంది, వేసుకుంటే మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుందని ఆ రోజు మాత్రే ఎగ్గొట్టేశారు. దయచేసి ఎవరూ అలా చేయకండి, బయల్దేరే ముందు డాక్టరుని అడిగితే ఏ టైముకి వేసుకోవాలో మార్చి చెప్తారు.

అందుకే పెద్దవాళ్లుంటే నా ఓటు రైలుకే. లేచి నాలుగడుగులు వేయొచ్చు, బాత్రూమ్ ఉంటుంది, నీళ్లు కడుపునిండా తాగొచ్చు. నాలుగు గంటలకి మించి కాళ్లు కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది, వయసు మళ్లినవాళ్లకి, గర్భిణులకి, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లకి ఇంకా ఎక్కువ, రైల్లో ఆ ఇబ్బంది తక్కువ. టికెట్ తీసేటప్పుడు సీనియర్ సిటిజన్ లోయర్ బెర్త్ కోటా చూడండి, మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 ఏళ్లు దాటితే అడగొచ్చు. ఒకటే గమనించుకోవాలి, ఈ కోటా ఒక్కరికో ఇద్దరికో తీసే టికెట్‌కే, ఏడుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే రాదు, అందుకే మేం పెద్దవాళ్లిద్దరిదీ విడిగా తీస్తాం. రైల్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే 139కి ఫోన్ చేస్తే ముందు స్టేషన్లో డాక్టరుకి కబురు పెడతారు.

చిన్నపిల్లలుండి, దూరం మూడు వందల కిలోమీటర్ల లోపైతే కారు బాగుంటుంది, ఆపమన్నచోట ఆగుతుంది కాబట్టి. కాకపోతే రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరిపోదాం అనే ఆలోచన వద్దు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య డ్రైవరు ఎంత మొనగాడైనా రెప్ప వాలిపోతుంది, ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. పొద్దున ఐదున్నరకి బయల్దేరండి, రెండు గంటలకోసారి ఆగండి. వాంతులయ్యే పిల్లలకి ఎదురుగా రోడ్డు కనపడాలి, చేతిలో ఫోన్ ఉండకూడదు, కడుపు నిండుగానూ ఉండకూడదు పూర్తిగా ఖాళీగానూ ఉండకూడదు, రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర బయల్దేరడానికి గంట ముందు పడాలి, ఘాట్‌లో వాంతి మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికి వచ్చేస్తుంది. పిల్లలకి ఎంత డోసు అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి, ఆ మాత్రలతో మత్తుగా ఉంటుంది కాబట్టి బండి నడిపేవాళ్లు అసలు వేసుకోకూడదు.

కొండా, సముద్రమా, గుడా

అరకు మన పిల్లలకి మంచిదే, ఎత్తు సుమారు 900 మీటర్లు, ఊపిరికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇబ్బందంతా దారిలోనే. వైజాగ్ నుంచి రోడ్డు మీద వెళ్తే మలుపు మీద మలుపు, అదే కిరండూల్ రైల్లో వెళ్తే 58 సొరంగాలు పిల్లలు లెక్కపెట్టుకుంటూ వెళ్తారు, రైలు మలుపు నిదానంగా తిరుగుతుంది కాబట్టి మా చిన్నదానికి ఒక్కసారి కూడా కళ్లు తిరగలేదు. టైము ఎక్కువ పట్టినా నేను రైలే అంటాను. బొర్రా గుహల దగ్గర కోతులుంటాయి, చేతిలో తినేవి కనపడనీయకండి. కోతిగానీ కుక్కగానీ కరిచినా గీరినా వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. ఊరికి వెళ్లాక చూద్దాం అనుకోవడానికి లేదు.

ఊటీ 2,240 మీటర్లు, కొడైకెనాల్ దానికన్నా కొంచెం తక్కువ. చలి, జలుబు, ఆస్తమా ఉన్నవాళ్లకి కాస్త పిల్లికూతలు, అంతకు మించి భయం లేదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, లేహ్ దాదాపు 3,500. ఇక్కడే మనవాళ్లు పొరపాటు పడతారు. పెద్దవాళ్లు నడవలేరు కదా, హెలికాప్టర్ ఎక్కిద్దాం, శ్రమ ఉండదు అనుకుంటారు. కాళ్లకి శ్రమ ఉండదు, నిజమే, కానీ కింద నుంచి పైకి కొద్ది నిమిషాల్లో వెళ్లిపోతే ఒంటికి ఆ గాలి అలవాటు పడే వ్యవధే దొరకదు. నడిచి వెళ్లేవాళ్లకి గుండె మీద బరువు, ఎగిరి వెళ్లేవాళ్లకి ఎత్తు మీద దెబ్బ. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు రెండూ మానుకుని కార్డియాలజిస్టుని అడిగాకే ఆలోచించాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లయితే గౌరీకుండ్ వైపు, అంటే రెండు వేల మీటర్ల లోపు, కనీసం ఒక రాత్రి పడుకుని, పైన దర్శనం చేసుకుని అదే రోజు కిందికి వచ్చేయడం మేలు. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి పోకండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తుంటే, మాట తడబడుతుంటే తెల్లారేదాకా ఆగకుండా కిందికి దించేయాలి, దాన్ని మించిన మందు లేదు.

తిరుమల నడకదారుల గురించి కూడా చాలామంది అడుగుతారు. అలిపిరి మెట్లు 3,550, దూరం తొమ్మిది కిలోమీటర్ల దాకా. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. తక్కువ కదా అని శ్రీవారి మెట్టు ఎంచుకుంటారు, కానీ అది నిటారుగా ఉంటుంది, ఆగకుండా ఎక్కితే గుండె దడదడలాడుతుంది. అలవాటు లేనివాళ్లకి అలిపిరే నయం, మధ్యలో కూర్చోవచ్చు, చదునుగా నడిచే చోట్లు ఉంటాయి. అరవై దాటినవాళ్లు, గుండెజబ్బు, ఆస్తమా, బీపీ, షుగరు ఉన్నవాళ్లు నడిచి రావొద్దని టీటీడీయే సలహా ఇచ్చింది, మొక్కు ఉంటే ఇంట్లో కుర్రవాళ్లు తీర్చొచ్చు. మోకాళ్ల నొప్పులకి ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ చేటు.

గుడి ప్రయాణాల్లో షుగరు ఉన్నవాళ్లకి రెండు ప్రమాదాలున్నాయి, రెండూ బయటికి చిన్నవిగా కనిపిస్తాయి. ఒకటి క్యూ. పొద్దున మాత్ర వేసుకుని, దర్శనం అయ్యాక తిందాంలే అని క్యూలో నాలుగైదు గంటలు నిలబడితే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, అయోమయం వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకోవాలి, పావుగంట తర్వాత ఏదైనా తినాలి. మా మామయ్య గారి జేబులో చక్కెర పొట్లం, బిస్కెట్లు లేకుండా మేం గడప దాటం. రెండోది నేల. మే నెలలో మధ్యాహ్నం రాతి ప్రాంగణంలో చెప్పుల్లేకుండా నడిస్తే మనకి చుర్రుమంటుంది, గబగబా నడుస్తాం. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి ఆ చురుకే తెలియదు, సాయంత్రానికి బొబ్బలు, అవి పుండ్లు. దర్శనం తెల్లవారుజామునో రాత్రో పెట్టుకోండి, మందపాటి నూలు మేజోళ్లు వేయండి, రాత్రి పడుకునే ముందు పాదాలు ఒకసారి వెలుతురులో చూడండి.

సూర్యలంక మన గుంటూరు వాళ్లకి దగ్గర్లో ఉన్న సముద్రం, పొద్దున వెళ్లి సాయంత్రం రావొచ్చు, పెద్ద సెలవు లేనివాళ్లకి నేను చెప్పేది అదే. ఎండ తగ్గాక నాలుగు దాటి నీళ్ల దగ్గరికి వెళ్లండి, మోకాలి లోతు దాటకండి.

పది రోజుల్లో కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య, ఇంకో మూడు ఊళ్లు అని వచ్చే ప్యాకేజీలున్నాయి కదా, వాటికన్నా రెండే ఊళ్లు పెట్టుకుని ప్రతిచోటా మూడు రాత్రులు ఉండటం మంచిది. రోజూ పక్క మారితే నిద్ర పట్టదు, విరేచనం కుదరదు, వేళకి మందు పడదు. కాశీకి అసలు మే నెల వద్దు, అక్కడి ఎండ మన రోహిణి కార్తెకేం తీసిపోదు. అక్టోబరు చివర్నుంచి నవంబరు, లేదా ఫిబ్రవరి, మార్చి నెలలు చూసుకోండి.

సంచిలో తిండా, బయటి తిండా

ఇంటి నుంచి తీసుకెళ్లే వాటిలో అన్నీ ఒకటి కావు. చింతపండు పులుపు, నూనె, ఉప్పు ఉన్నాయి కాబట్టి పులిహోర పొద్దున చేస్తే రాత్రి దాకా ఫరవాలేదు, మర్నాటికి మాత్రం ఉంచకండి. దద్దోజనం మన ఎండలకి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. కొబ్బరి చట్నీ అయితే అసలు కట్టొద్దు, ఇడ్లీకి కారప్పొడి, నెయ్యి చాలు. అరటిపళ్లు, వేయించిన అటుకులు, జంతికలు, చెగోడీలు ఉంటే రెండు రోజులు గడిచిపోతుంది. రైల్లో వేడిగా కావాలంటే రైల్వే వాళ్ల తిండి ఆర్డరు నంబరు 1323కి ఫోన్ చేసి, వచ్చే స్టేషన్లో సీటు దగ్గరికే తెప్పించుకోవచ్చు.

బయట తినేటప్పుడు నేను హోటల్ అందం చూడను, రెండే చూస్తాను: వంట మన ముందే పొగలు కక్కుతూ వస్తుందా, జనం వచ్చిపోతూ ఉన్నారా. ఆ లెక్కన గుడిలో అన్నదానం, బస్టాండు పక్కన రద్దీగా ఉండే ఇడ్లీ బండి, పెద్ద హోటల్లో గంటలకొద్దీ గోరువెచ్చగా పెట్టిన బఫే కన్నా నయం. ఆ బండి దగ్గర కూడా చట్నీ వద్దనండి, ఎందుకంటే రుబ్బడంలో పోసేది పచ్చి నీళ్లు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఐస్ వేసిన చెరుకు రసం, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఈ మూడూ మా ఇంట్లో ప్రయాణాల్లో నిషేధం. పిల్లలు ఏడిస్తే అరటిపండు ఒలిచి ఇస్తాం.

నీళ్లు

నీళ్ల గురించి గుంటూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2018 మార్చిలో పాత గుంటూరులో కుళాయి నీళ్లు కలుషితమై డయేరియా వచ్చి మనుషులు పోయారు, ఆ రోజులు మేం మర్చిపోలేదు.

నాకు తెలిసిన దారులు మూడు. సీసా నీళ్లు కొనడం అందరూ చేసేదే, నలుగురికి వేసవిలో రోజుకి పన్నెండు లీటర్లు అనుకుంటే, లీటరు ఇరవై రూపాయల చొప్పున రోజుకి 240, ఐదు రోజులకి 1,200 అవుతుంది. సీలు తిప్పితే టక్కున తెగాలి, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. రైల్లో అయితే రైల్వే వాళ్ల సొంత సీసా నీళ్లు రైల్ నీర్ అడగండి, తాగేశాక సీసా నలిపి పడేయండి, లేకపోతే దాన్నే మళ్లీ నింపి అమ్మేవాళ్లుంటారు. రెండోది లాడ్జిలో పెట్టే ఇరవై లీటర్ల క్యాను. దాన్ని అందరం మినరల్ వాటర్ అంటాం, కానీ చాలా చోట్ల అది వీధి చివర ఆర్వో ప్లాంటు నీళ్లే, ఫిల్టరు ఎప్పుడు మార్చారో, క్యాను ఎప్పుడు కడిగారో మనకి కనపడదు. నేను దాన్ని స్నానానికి, చేతులు కడగడానికి వాడతానుగానీ తాగను. మూడోది ఎలక్ట్రిక్ కెటిల్, నాకు అన్నిటికన్నా ఇష్టం ఇదే. రాత్రి పడుకునే ముందు నీళ్లు కళపెళా మరిగాక ఒక నిమిషం ఉంచి (రెండు వేల మీటర్లు దాటిన ఊళ్లలో మూడు నిమిషాలు), స్టీలు సీసాల్లో పోసి పెడితే తెల్లారేసరికి చల్లారిపోతాయి. పిల్లల పళ్లు తోమడానికి కూడా అవే. ఒక పెద్ద ట్రిప్పులోనే కెటిల్ ఖర్చు తిరిగొస్తుంది.

కడుపు చెడితే ఏది తాగాలి

ఎంత జాగ్రత్తపడినా ఒకరికి విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు మందుల షాపులో చేతికి దొరికింది కొనేస్తాం, అక్కడే అసలు తప్పు జరుగుతుంది. నిజమైన ఓఆర్ఎస్ పొడి రూపంలో పొట్లంగా వస్తుంది, మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉంటుంది. దాంట్లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే, పక్కన ఉప్పు కొలతగా ఉంటుంది, ఆ రెండూ కలిస్తేనే పేగు నీటిని లోపలికి లాక్కుంటుంది. రంగురంగుల టెట్రా ప్యాకుల్లో వచ్చే పళ్లరసం లాంటి డ్రింకుల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు, అవి విరేచనాలు ఇంకా పెంచుతాయి. అలాంటివాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరే వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది, దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఆవిడకి ప్రతి తల్లీ రుణపడి ఉంటుంది, నేను మనస్ఫూర్తిగా అంటున్న మాట ఇది.

కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, విరేచనాల్లో పోయేది సోడియం కాబట్టి అవొక్కటే సరిపోవు. గ్లూకోజు పొడి అంటే చాలావరకు చక్కెరే. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, గంజి ఎండ దెబ్బకీ కొద్దిపాటి విరేచనాలకీ బాగా పనిచేస్తాయి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. పొట్లం ఉంటే వెనక రాసింది చదివి, లీటరుది లీటరులో, చిన్నది 200 మిల్లీలీటర్లలో మొత్తం కలపాలి, గ్లాసుకి చిటికెడు వేసి లెక్క తప్పించకండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. పిల్లలకి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి, దాంతోపాటు జింకు కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వేయాలి.

విరేచనం ఆపే లోపెరమైడ్ మాత్ర బస్సు ఎక్కాల్సిన పెద్దవాళ్లకి ఎప్పుడైనా ఒకసారి పనికొస్తుంది, కానీ జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా అది ముట్టుకోకూడదు, చిన్నపిల్లలకి అసలు వద్దు. షాపువాడు ఇచ్చే యాంటీబయాటిక్ కూడా అంతే, అడక్కండి. రక్తం పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, పిల్లలు మత్తుగా వాలిపోతున్నా ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, 108 మన రాష్ట్రంలో ఎక్కడున్నా వస్తుంది.

మందులు ఎక్కడ పెట్టాలి

సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో. ఒకసారి బస్సులో సామాను కింద డిక్కీలో పడేశారు, మామయ్య గారి ఇన్సులిన్ కూడా దాంతోపాటు వెళ్లిపోయింది, రాత్రంతా ఆ వేడిలో ఉంది, దిగాక కొత్తది కొనేదాకా ఆయనా మేమూ పడ్డ టెన్షన్ చెప్పలేను. వాడుతున్న ఇన్సులిన్ చల్లటి నీడలో నాలుగు వారాలు ఆగుతుంది, కానీ ఎండలో నిలిపిన కారులో పాడైపోతుంది, విమానంలో కింద సామానులో గడ్డకట్టినా పాడైపోతుంది. ఐసు ముక్క పక్కన కూడా పెట్టొద్దు. నీళ్లలో తడిపి వాడే కూలింగ్ పౌచ్ కొనుక్కోండి, లేదా లాడ్జిలో చిన్న మట్టి కుండలో తడి గుడ్డ చుట్టి పెట్టండి. మాత్రలు పేరు కనపడే షీటుతోనే ఉంచండి, ప్రిస్క్రిప్షన్ ఫొటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి, నాలుగు రోజులు అదనంగా పెట్టుకోండి, వర్షానికో రద్దయిన రైలుకో ఆగిపోవాల్సి రావొచ్చు.

ఏజెన్సీ ఊళ్లలో, అంటే అరకు, లంబసింగి వైపు, సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, దోమల క్రీము, రాత్రి దోమతెర తప్పనిసరి, మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది. తిరిగొచ్చాక వారానికో, మూడు వారాలకో జ్వరం వస్తే వైరల్ అని పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకుండా, రక్తపరీక్ష చేయించండి, ఎక్కడెక్కడ తిరిగొచ్చారో డాక్టరు అడక్కముందే మీరే చెప్పండి.